పక్క చేను లాభం కళ్లలో పడితే

జూన్, జూలై వచ్చాయంటే చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం మామిడి యార్డుకు ట్రాక్టర్లు బారులు తీరతాయి. వచ్చేది ఎక్కువగా తోతాపురి, పోయేది గుజ్జు ఫ్యాక్టరీలకు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల మెట్ట నేలల్లో చెనక్కాయే పంట. వాన ముఖం చాటేసిన ఏడల్లా అది దెబ్బతీస్తుంటే, పక్క రైతు మామిడితో నిలదొక్కుకోవడం చూసి మొక్క నాటినవాళ్లు ఎందరో. ఒకరిని చూసి ఇంకొకరు నేర్చుకోవడంలో తప్పేమీ లేదు, సేద్యం పాకిందే అలా. అయితే మామిడి నాలుగైదేళ్లకు గాని కాపుకు రాదు. నాటిన రోజు ఊరించిన ధర అప్పటిదాకా ఆగదు.

టమోటా ధర అయితే నెలలు కూడా ఆగదు. 2023 జూలై చివర్లో మదనపల్లె మార్కెట్‌లో మేలురకం కిలో 200 రూపాయల దరిదాపులకు వెళ్లింది. ఒక్క సీజనులో కోట్లు చూసిన రైతు కుటుంబాల కథలు టీవీల్లో, ఫోన్లలో మార్మోగాయి. చూసినవాళ్లలో ఎంతమందికి నిద్ర పట్టి ఉంటుంది? ఆశపడి వెంటనే నారు నాటినా రెండు నెలలకు గాని కోత మొదలవదు. సెప్టెంబరు వచ్చేసరికి ధర పది రూపాయల లోపుకు జారింది. కాయను రోడ్డు పక్కన పారబోసినవాళ్లూ ఉన్నారు. కోట్లు చూసిన ఇళ్లలో కొన్ని అంతకుముందు వరసగా నష్టపోయి అప్పుల్లో కూరుకుపోయినవే. ఆ ముక్క మాత్రం ఊళ్లు తిరగలేదు. అసూయ చేసే అసలు మోసం ఇదే: ఎదుటివాడి ఒక్క మంచి సీజనును తెచ్చి మన పదేళ్ల కష్టం పక్కన నిలబెడుతుంది.

ఈ జబ్బు ఒక్క ఈ ప్రాంతానిదే కాదు. కెనడాలో ఆర్థికవేత్తలు లాటరీ గెలిచినవాళ్ల ఇరుగుపొరుగును పరిశీలించారు. బహుమతి ఎంత పెద్దదైతే, ఆ పక్క ఇళ్లవాళ్లలో దివాళా తీసేవాళ్లు అంత పెరిగారు. పైకి కనబడే వస్తువుల కోసం వాళ్లు చేసిన ఖర్చు కూడా అందులో బయటపడింది.

బంగారుపాళ్యం మీదుగా పోయే హైవే బెంగళూరుకు దారి. సంక్రాంతికి ఆ దారిలో కార్లు ఊళ్లలోకి వస్తాయి, ఊళ్లో మిగిలిన కుర్రాడి మనసు చిన్నబోతుంది. కారు కంటికి కనబడుతుంది గాని దాని నెలవారీ కంతు కనబడదు. 2024 వేసవిలో అదే నగరంలో వేల బోర్లు ఎండిపోయి, జనం ట్యాంకర్ల కోసం పడిగాపులు పడ్డారు. పల్లెలో ఉండిపోవడమే గొప్పని దీని అర్థం కాదు. చదువుకు, కూలికి, ఆసుపత్రికి నగరం కావాలి. అక్కడి బతుకునూ మొత్తంగా చూడాలన్నదే మాట.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఉన్నదానితో తృప్తిపడమని రైతుకు నీతులు చెప్పడం అన్యాయం. 2025లో తోతాపురి ధర కూలినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలని, ప్రభుత్వం 4 కలుపుతుందని నిర్ణయమైంది. అంతకన్నా చాలా తక్కువకే అమ్ముకున్నామని రైతులు మొత్తుకున్నారు. అది ఓర్వలేనితనం కాదు, హక్కు. ఆ ఏడాది జూన్‌లో కర్ణాటక కాయను చిత్తూరు జిల్లాలోకి రానివ్వకపోతే అక్కడి శ్రీనివాసపురం రైతులు బంద్ చేశారు. సరిహద్దుకు రెండు వైపులా దిగులు ఒక్కటే. అవతలివాడే బాగుపడుతున్నాడన్న అనుమానం మాత్రం ఇద్దరికీ మిగిలింది.

కాబట్టి పక్క చేను సంగతి తెలియాలి, అయితే లాభనష్టాలతో సహా తెలియాలి. నర్సరీల నుంచి ఏ మండలానికి ఎంత టమోటా నారు పోతున్నదో వారం వారం రైతు సేవా కేంద్రం గోడ మీద రాసిపెట్టడం ప్రభుత్వానికి పెద్ద పని కాదు. కోట్ల కథ ప్రచురించిన పత్రికలు అదే రైతు కిందటేటి నష్టాన్నీ అదే పుటలో అచ్చువేయాలి.