సీమలో చలి

చలి సంక్రాంతికి చంకలెత్తనీయదు, శివరాత్రికి శివశివా యనుచు పోవును అని మనవారి సామెత. చలితోబాటు తామును వెడలిపోవు వృద్ధుల మాట, ఉబ్బసరోగుల మాట ఆ సామెతలో లేదు. ప్రభుత్వము వారి లెక్కలలోనైన ఉన్నదా యన్న, మాకు కానరాలేదు. కర్నూలు, కడప జిల్లాలలో చలియా యని కొందరు చదువరులు నవ్వవచ్చును. మన సీమకు పేరు ఎండవలన వచ్చినది. ఫాల్గునము దాటినదో లేదో పురపాలక సంఘములు, వర్తకులు, యువజన సంఘములు పోటీలు పడి చలివేంద్రములు పెట్టుదురు. వడదెబ్బను గూర్చి హెచ్చరికలు వెలువడును. అధికారుల సమీక్షలు జరుగును. ఇవి మంచి పనులే, మేము కాదనము. కాని మార్గశిర పుష్యములలో ఇట్టి ఏర్పాటొక్కటియు లేదు. చలివేంద్రము నెరిగిన మన పట్టణములు చలి నెరుగకున్నవి.

ఈ ఉపేక్షకు కారణము లేకపోలేదు. మన చలి మంచుకురియు చలి కాదు. ఆ మాసములలో కర్నూలున పగలు సుమారు 30 డిగ్రీల వేడిమి యుండి, తెల్లవారుజామునకు 17 ప్రాంతమునకు దిగును. ఆరోగ్యవంతునకు అది హాయి. దుప్పటి కప్పుకొని మరియొక గడియ నిద్రించును. దీర్ఘరోగి సంగతి వేరు. 2015లో లాన్సెట్ అను వైద్యపత్రికలో 13 దేశముల మరణములను పరిశీలించిన శాస్త్రజ్ఞులు నూటికి ఏడింటికి పైగా చావులు చలికి సంబంధించినవనియు, వేడిమికి సంబంధించినవి నూటికి ఒకటిలో సగమైనను లేవనియు తేల్చిరి. ఆ దేశములలో మన దేశము లేదు. కాని 2018లో వెలువడిన మరియొక శోధన మన దేశపు మరణములనే పరిశీలించి, తీవ్రమైన చలికంటె మధ్యరకపు చలియే మొత్తముమీద అధిక ప్రాణనష్టమునకు కారణమగుచున్నదని చూపినది. మన సీమ చలి ఈ మధ్యరకమునకు చెందినదే.

ఇందలి మర్మము కఠినమైనది కాదు. చలి సోకినపుడు దేహము తన వేడిమిని కాపాడుకొనుటకు చర్మము క్రింది రక్తనాళములను ముడుచుకొనును. అందువలన రక్తపుపోటు పెరుగును, రక్తము చిక్కబడును, గుండెకు పని హెచ్చును. చల్లని పొడిగాలి సోకగానే ఉబ్బసరోగి శ్వాసనాళములు బిగియును. కీళ్లు పట్టుకొనును. మధుమేహమున పాదములు తిమ్మిరి పట్టినవారికి చలిమంట కాక తెలియదు. బొబ్బ లేచిన పిదప చూచుకొందురు. ఆ బొబ్బయే పుండై, కాలు తీసివేయువరకు పోవుట కలదు.

మన పొడిగాలి ఊపిరితిత్తులకు మంచిది కాదా యని అడుగువారుందురు. సీమకు ఆ ఖ్యాతి కలదు. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో డేనిష్ వైద్యుడు ఫ్రిమోడ్ మోలరు ఆధ్వర్యమున క్షయచికిత్సాలయము వెలసినది. దూరప్రాంతముల రోగులును అచ్చట చేరిరి. కాని అచ్చట గాలియొక్కటియే లేదు. విశ్రాంతి యుండెను, బలమైన ఆహారముండెను, కనిపెట్టియుండు వైద్యుడుండెను. ఇవి లేక గాలియొక్కటియే దక్కినవాని గతి వేరు. క్షయ మానినను అది ఊపిరితిత్తులలో మిగిల్చిన మచ్చ మానదు. అట్టివారికి చలికాలమున ఆయాసము తిరుగబెట్టును. బేతంచెర్ల, ఎఱ్ఱగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతములలో బండలు కోసి, పాలిషు పట్టి, ఏండ్ల తరబడి రాతిపొడి పీల్చిన కూలీలు కలరు. ఎమ్మిగనూరున మగ్గపు గుంటలో కాళ్లుంచి నేయుచు మోకాళ్లు అరిగిన నేతగాండ్రు కలరు. ఆ గుంటలోని చెమ్మ చలినాళ్లలో ఎట్టిదో వారినే అడుగవలెను.

ఇండ్ల మాటయు చెప్పవలసియున్నది. మన పాతమిద్దెలకు మందపు రాతిగోడలు, పైన చవుడు మన్ను. వేసవిలో చల్లగాను, చలిలో వెచ్చగాను ఉండెడివి. పొగ పోవుటకు మిద్దెపై గవాచి యుండెడిది. నేడు వాని స్థానమున రేకుల ఇండ్లును, సన్నగోడల కాంక్రీటు గదులును వచ్చినవి. రేకు పగటివేడిమిని రాత్రికి నిలుపదు. గవాచి లేదు, కుంపటి మాత్రము మిగిలినది. తలుపులు బిగించి బొగ్గుల కుంపటి ప్రక్కన పరుండిన ముసలివాడు వెచ్చదనముతోబాటు విషవాయువును పీల్చుచున్నాడు. ఆ వాయువునకు వాసన లేదు, రంగు లేదు. కుంపటి పెట్టుకొనవద్దని చెప్పుట తేలిక. దానికి బదులేమి యిచ్చితిమి?

అన్నిటికంటె మమ్ము కలతపెట్టునది వేరొకటి కలదు. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయము, ఆదోని, ఆలూరు ప్రాంతముల పల్లెలలో ఈ దినములలో నడచినచో తాళములు వ్రేలాడు తలుపులే పెక్కు కనబడును. ప్రత్తి తీయుటకు తెలంగాణమునకును, మిరపకాయలు కోయుటకు గుంటూరు సీమకును కుటుంబములు కుటుంబములే తరలిపోవును. బిడ్డలును బడి మాని వెంటబోవుదురు. పొలములలో టార్పాలిను గుడారముల క్రింద వారి రాత్రులు గడచును. ఇంట మిగులువారు ముసలివారు. మేకను చూచుకొనుటకును, పింఛను అందుకొనుటకును, ఇల్లు కాయుటకును మిగులుదురు. వీరిలో పెక్కురు బీపీయో, షుగరో, ఆయాసమో కలవారే. మాత్రలు అయిపోయిన నాడు తెచ్చువారు లేరు. పట్టణపు ఆసుపత్రికి పోవలెనన్న తెల్లవారక మునుపే లేచి, మొదటి బస్సుకై ఆ చలిగాలిలో రోడ్డుపై నిలువవలెను. కాబట్టి పోరు, మాత్ర ఒక పూట విడిచి ఒక పూట వేసికొని నెట్టుకొని వత్తురు. ఆయాసము ఎగసిన రాత్రి 108కి ఫోను చేయుటకు ప్రక్కయింటిలో మనుష్యుడుండవలెను గదా! ఆ ప్రక్కయింటికిని తాళమే. ఉదయమున వార్త తెలిసినవారు పెద్దప్రాణము, వయసు మీరినది అందురు. చలి చంపినదని ఎవరును వ్రాయరు. వ్రాయనిది లెక్కకు రాదు, లెక్కకు రానిదానికి నిధులు రావు.

ఇందుకు గొప్ప ధనము కావలెనని మేము తలంపము. ప్రతినెల ఒకటవ తేదీన గ్రామ సచివాలయోద్యోగి పింఛను సొమ్ము ముసలివారి గడపకే తెచ్చి యిచ్చుచున్నాడు. ఆ చేతితోనే మాత్రల పొట్లమును ఏల తేరాదు? కార్తికమునుండి మాఘమువరకు ఒక నెలకు బదులు రెండునెలల మాత్రలును, ఆయాసము కలవారికి పీల్చు మందును ఒక్కమారే యిచ్చినచో చలిలో బస్సుకై నిలుచు శ్రమ తప్పును. పీల్చు మందు అలవాటై విడువనీయదను అపోహ పట్టణవాసులలోను కలదు. అది నిజము కాదని వైద్యులు ఇంటింట చెప్పవలెను. వలసలు ఆరంభము గాకమునుపే ఏ యింట ఎవరు ఒంటరిగా మిగులుచున్నారో ఆశా కార్యకర్తలు వ్రాసికొనవచ్చును. వృద్ధులకును, ఊపిరితిత్తుల రోగులకును ఏటేట వేయదగినదని వైద్యలోకము చెప్పు ఇన్‌ఫ్లుయెంజా టీకా పేరు మన పల్లెలలో వినబడుటయే అరుదు. దానిని గూర్చియు ఆలోచింపవలెను. కురుబలు నేయు కంబళ్లను కొని ఒంటరి వృద్ధులకు పంచినచో రోగికి వెచ్చదనము, నేసినవానికి కూడు. నూలు దుప్పట్లు పంచి ఛాయాచిత్రములు తీయించుకొను దాతలకు ఈ సూచన ప్రత్యేకముగ చేయుచున్నాము.

పట్టణములందలి మా చదువరులతోను ఒక మాట. తెల్లవారుజామున కొండారెడ్డి బురుజు చుట్టు నడచు పెద్దలను చూచుచున్నాము. గుండెజబ్బు, రక్తపుపోటు కలవారు ఈ రెండుమాసములు ఎండ పొడసూపిన పిదప నడచిన నష్టమేమియు లేదు; వాకిట తల, చెవులు కప్పుకొనుట చిన్నతనమును కాదు. మన పఠన మందిరములలో పత్రికల బల్లప్రక్క రక్తపుపోటు కొలుచు యంత్రమొకటి యుంచి, ఉదయము 9 గంటలకు చేయి చాచినవారికెల్ల కొలిచి, ఒక పుస్తకమున వ్రాసిపెట్టవచ్చును. కడపలోనో, కర్నూలులోనో ఏ పఠన మందిరము వారు ఈ పనికి పూనుకొన్నను, ఆ పుస్తకములోని అంకెలను పేర్లు లేకుండ శివరాత్రి తరువాతి సంచికలో ప్రకటించుటకు మేము సిద్ధముగ నున్నాము.