‘ఛార్జ్’కు తెలుగేమిటని అడిగేవారికి

“మాస్టారూ, ఛార్జ్ అన్న మాటకు తెలుగులో ఏమంటారు?” ఇటువంటి ప్రశ్న వేసేవారు నానాటికీ ఎక్కువవుతున్నారు. “ఏ సందర్భంలో నాయనా?” అని నేను ఎదురు ప్రశ్న వేయగానే వారి ముఖాన చిరునవ్వు మొలుస్తుంది. “చూశారా! తెలుగులో మాట లేదు, అందుకే తప్పించుకుంటున్నారు” అని తీర్పు చెప్పేస్తారు. జీవితమంతా తెలుగు బోధించినవాణ్ణి, ఈ తీర్పును ఒప్పుకోను. లోపం తెలుగులో లేదు, ప్రశ్నలో ఉంది.

ఆ ఒక్క క్రియ ఎన్ని వేషాలు వేస్తుందో చూడండి. బస్సులో అది ప్రయాణికుని దగ్గర రుసుము పుచ్చుకోవడం. న్యాయస్థానంలో అభియోగం మోపడం. కార్యాలయంలో బాధ్యత అప్పగించడం. యుద్ధభూమిలో శత్రువుపై విరుచుకుపడటం. తుపాకి విషయంలో మందు దట్టించడం. భౌతికశాస్త్రంలో ఆవేశం కలిగించడం. ఒక్కొక్క చోట ఒక్కొక్క తెలుగు మాట సిద్ధంగా ఉంది. పడవ దాటించినందుకు పుచ్చుకునే రుసుముకు ‘కేవు’ అని ప్రత్యేకంగా ఒక మాటే ఉంది మనకు! ఆరు పనులకు ఆరు మాటలున్న భాషను పేదదనీ, ఆరింటికీ ఒకే మాటతో సరిపెట్టుకునే భాషను సంపన్నమనీ అనడం ఏ తర్కం?

ఇన్ని అర్థాలు ఒక మాటకు ఎలా వచ్చాయి? దాని పుట్టుక లాటిన్‌లో. బండికి బరువెత్తడం మొదటి అర్థం. కారు, కార్గో ఆ కుటుంబంలోవే. బండి మీది బరువు మనిషి నెత్తిమీదికి వచ్చి బాధ్యత అయింది, ధర అయింది, నేరారోపణ అయింది. తుపాకిలో కూరిన మందు అయింది. 18వ శతాబ్దంలో విద్యుత్తును సీసాలో నింపి ప్రయోగాలు చేసిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ వంటివారి చేతిలో విద్యుత్తుకూ వర్తించింది.

ఇప్పుడు మన ‘మోపు’ను చూడండి. గడ్డిమోపు, కట్టెలమోపు అంటే నెత్తికెత్తుకునే బరువు. క్రియగా భారం మోపుతాం, పన్ను మోపుతాం, నేరం మోపుతాం. బరువు నుంచి ధరకూ, నేరానికీ సాగిన అదే ఊహ, అదే దారి! లాటిన్‌తో నిమిత్తం లేకుండా మన పల్లె జనం తమంతట తాము నడిచిన దారి ఇది. దీన్ని గమనించకుండా తెలుగుకు పదశక్తి లేదనడం కన్నులుండీ చూడకపోవడమే.

“ఆవేశం అంటే కోపం కదా, విద్యుత్తుకు కోపమేమిటి?” అని పాఠ్యపుస్తకాలను వెక్కిరించేవారు మరికొందరు. ఆవేశమంటే లోపల ప్రవేశించి ఆక్రమించి ఉండటం. పూనకాన్ని ఆవేశమనడమూ అందుకే. వస్తువులో విద్యుత్తు చేరి నిలిచిందని చెప్పడానికి ఇంతకంటే తగిన మాట ఏది? ఆ మాట ఎంచినవారు అర్థాన్ని చూశారు. వెక్కిరించేవారు వాడుకను మాత్రమే చూస్తున్నారు.

ఇదంతా పండితుల కాలక్షేపం అనుకోకండి. దీని చెల్లెలు ‘డిశ్చార్జ్’ను తీసుకోండి. రోగిని ఇంటికి పంపడమూ అదే, పుండు నుంచి కారే స్రావమూ అదే, బ్యారేజీ నుంచి క్యూసెక్కుల్లో వదిలే నీరూ అదే. ఉద్యోగి విధిని నిర్వర్తించడమూ అదే, సైనికుణ్ణి విధి నుంచి తప్పించడమూ అదే! న్యాయస్థానంలో మరీ జాగ్రత్త కావాలి. తగిన ఆధారం లేదని విచారణకు ముందే వదిలివేస్తే అది డిశ్చార్జ్. విచారణ జరిపి నిర్దోషి అని తేల్చడం వేరు. మొదటి దానిలో కొత్త ఆధారం దొరికితే కేసు మళ్లీ నడవవచ్చు. రెండవ దానిలో, తీర్పు నిలిచినంతకాలం, అదే నేరానికి మళ్లీ విచారణ లేదు. రెండింటికీ ‘విడుదల’ అని ఒకే ముద్ర వేస్తే, తెలుగు మాత్రమే చదవగల మనిషి తన మెడమీద కత్తి ఉందో లేదో ఎలా తెలుసుకుంటాడు? అతనికి నష్టం చేసింది తెలుగు కాదు. ఒక మాటకు ఒక మాట అనే సోమరితనం.

యంత్రానువాదాన్ని మాత్రమే నిందించి లాభం లేదు. సందర్భం చూడకుండా నిఘంటువులో మొదట కనిపించిన మాటను అతికించే మనుషులు యంత్రాల కంటే ముందునుంచే ఉన్నారు.

పరీక్ష తిరగేసి పెడదాం. మన ‘కొట్టు’కు ఇంగ్లీషులో ఒక్క మాట చెప్పమనండి! చప్పట్లు కొడతాం, కొబ్బరికాయ కొడతాం, కన్ను కొడతాం, పొలానికి మందు కొడతాం, పరీక్షలో కాపీ కొడతాం. మురుగు కంపు కొడుతుంది, ఉపన్యాసం బోరు కొడుతుంది. ఒక్క మాట దొరకలేదని ఇంగ్లీషు అసమర్థమని ఎవరైనా అంటారా? అనరు, అనకూడదు కూడా. ఆ మర్యాద మన భాషకు మాత్రం ఎందుకు దక్కదు?

నేను ఛాందసుణ్ణి కాను. ఫోనుకు ఛార్జింగ్ పెట్టడం తెలుగే అయిపోయింది, దాన్ని పెరికివేయమని అనను. వచ్చిన మాట స్థిరపడితే మనదే. కాని ఉన్న మాటలను చూడకుండా లేవని చాటడం వేరు. ఇకపై ఎవరైనా “దీనికి తెలుగేమిటి?” అని అడిగితే వాక్యం మొత్తం చెప్పమనండి మిత్రులారా. వాక్యం చెప్పాక కూడా మాట దొరకకపోతే అప్పుడు కూర్చుని ఆలోచిద్దాం. చాలాసార్లు ఆ అవసరం రాదు.