ఈ భారం ఇంటిల్లిపాదిదీ

తెలుగు నేల మీద ఇద్దరు పిల్లల ఇల్లు ఇవాళ మామూలు సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఒక్కో స్త్రీకి సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. దీన్ని ప్రగతి అంటాం, సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. ఆ ప్రగతికి మూల్యం ఎవరు చెల్లించారని మాత్రం అడగం. జవాబు అదే సర్వేలో ఉంది. ఆంధ్రలో పెళ్ళయి 15-49 ఏళ్ళ మధ్య ఉన్న స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది, తెలంగాణలో 60 మందికి పైగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశం మొత్తంలో ఆ సంఖ్య 38. మరి భర్తలు? దేశంలో వెయ్యి జంటలకు ముగ్గురు!

అన్నలారా, అక్కలారా! చిన్న కుటుంబం సుఖం ఇంటిల్లిపాదికీ అందింది. బడి ఫీజు తేలికైంది, అప్పు తగ్గింది, పొలం ముక్కలు కాలేదు. కోత మాత్రం ఒక్కరి కడుపు మీదే పడింది. సర్కారు ఆసుపత్రిలో ఆపరేషన్ ఉచితమే. కానీ పోయిన కూలి, ఆటో ఛార్జీ, చంటిబిడ్డను చూసుకోవడానికి పుట్టింటి నుంచి వచ్చిన అమ్మ రోజులు, నెలల తరబడి వేధించే నడుంనొప్పి, ఇవేవీ ఏ రిజిస్టర్లోనూ ఎక్కవు. ఈ ఖర్చు మనందరిదీ. మనందరం కలిసి మోయవలసినదే.

మీ ఇంట్లో ఆరోగ్య బీమా పాలసీ ఉంటే ఈ రాత్రే బయటికి తీయండి. మినహాయింపుల పట్టికలో 17వ నంబరు చూడండి. బీమా నియంత్రణ సంస్థ 2019లో కంపెనీలన్నిటికీ ఒకే మాటల్లో ఖరారు చేసిన మినహాయింపుల్లో అదొకటి. గర్భనిరోధం ఏ రకమైనా సరే, స్టెరిలైజేషన్ అయినా సరే, ఆ ఖర్చు కంపెనీ ఇవ్వదు. కాన్పుకు డబ్బిచ్చే పాలసీ సైతం ఇక కాన్పు వద్దనుకున్న తల్లి దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. ఏటా ప్రీమియం కట్టేది మనం. ఇది అన్యాయమని గట్టిగా అడగవలసిందీ మనమే. గ్రూపు పాలసీలో యాజమాన్యాలు కంపెనీలతో బేరమాడి కాన్పు ఖర్చు చేర్పిస్తున్నాయి. అదే బల్ల దగ్గర కాపర్-టి, ట్యూబెక్టమీ, వేసెక్టమీ ఎందుకు చేర్పించకూడదు? ఉద్యోగ సంఘాల నాయకులారా, వచ్చే రెన్యువల్ నాటికి ఈ డిమాండు మీ పత్రంలో మొదటి వరుసలో ఉండాలి.

బీమా కార్డు లేని ఇళ్ళ మాట ఇంకా ముఖ్యం. 1952లో ప్రపంచంలోనే ముందుగా జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమం చేపట్టిన దేశం మనది. నిరోధ్, మాలా-ఎన్ బిళ్ళలు, మూడు నెలలకొకసారి వేసే అంతరా ఇంజెక్షన్, కాపర్-టి సర్కారు ఆసుపత్రుల్లో ఉచితం. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టిన, హార్మోన్లు లేని ఛాయా బిళ్ళ కూడా ఉచితమే. ఇన్ని ఉన్నా మన ఆడపడుచుల్లో అత్యధికులకు ఆపరేషనే మొదటి పద్ధతి, అదే చివరిది. రెండో కాన్పు కాగానే పాతికేళ్ళైనా నిండని పిల్లను అత్తగారు, భర్త, ఆసుపత్రి కలిసి ఆపరేషన్ బల్ల ఎక్కిస్తే దాన్ని ఎంపిక అనగలమా? ఏమేమి పద్ధతులున్నాయో, ఏది ఎవరికి పడుతుందో, దేనికి ఏ ఇబ్బందో ముందు ఆమెకు తెలియాలి. నిర్ణయం ఆ తర్వాత, ఆమె నోటి నుంచే రావాలి.

నిర్లక్ష్యం ధర ఎంతో చూశాం. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ శిబిరాల్లో ఆపరేషన్ చేయించుకున్న 13 మంది స్త్రీలు చనిపోయారు. 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్ళలో ఇలాంటి శిబిరాలకు స్వస్తి చెప్పాలంది. ఆ గడువు దాటిపోయాక, 2022 ఆగస్టులో, హైదరాబాదు పక్కనే ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు ప్రాణాలు కోల్పోయారు. పసిపిల్లల తల్లులు వాళ్ళు! మనం ఆ నలుగురికీ బాకీ పడ్డాం. మళ్ళీ ఏ ఊళ్ళోనూ మందగా ఆపరేషన్లు జరగకుండా చూసినప్పుడే అది తీరుతుంది.

ఇంకొక హక్కు ఉంది, దాని సంగతి తెలిసినవాళ్ళే తక్కువ. సర్కారు ఆపరేషన్ విఫలమై గర్భం వచ్చినా, జబ్బు చేసినా, ప్రాణం పోయినా కుటుంబానికి నష్టపరిహారం చెల్లించాలి. 2005లో బీమా పథకంగా మొదలై, 2013 నుంచి రాష్ట్రాల చేతుల మీదుగా నడుస్తున్న ఏర్పాటిది. కాబట్టి ఆపరేషన్ సర్టిఫికెట్టు, డిశ్చార్జి కాగితం రేషను కార్డుతో సమానంగా దాచుకోండి. ఏదైనా జరిగితే ఆలస్యం చేయకుండా దరఖాస్తు పెట్టండి. చదువు రాని ఇంటికి ఆ కాగితం నింపిపెట్టడం చదువుకున్న పొరుగువాడి బాధ్యత.

ఇక మగవాళ్ళకు ఒక మాట. కోత కత్తి లేని వేసెక్టమీకి పావుగంట చాలు. మత్తు ఆ చోటు వరకే. కడుపు కోయరు, కుట్లు పడవు, అదే రోజు ఇంటికి రావచ్చు. మూడు నెలలు కండోమ్ వాడి, తర్వాత వీర్యపరీక్షతో ఖాయం చేసుకోవాలి. బలం తగ్గదు, మగతనం పోదు, హార్మోన్లు ఎప్పటిలాగే పనిచేస్తాయి. ఆడవాళ్ళ ఆపరేషన్‌లో ఉన్నంత ప్రమాదం ఇందులో లేదు. 1971 జులైలో కేరళలోని ఎర్నాకుళంలో ఒక్క నెలలో 60 వేలమందికి పైగా మగవాళ్ళు చేయించుకున్నారు. 1976-77 ఎమర్జెన్సీలో బలవంతపు ఆపరేషన్లు రేపిన భయం ఆ దారి మూసేసింది. ఆ భయానికి అప్పట్లో కారణం ఉంది. యాభై ఏళ్ళ తర్వాత కూడా దాన్ని సాకుగా చూపి భార్యను పంపడం న్యాయం కాదు. ఏటా నవంబరు చివర వేసెక్టమీ పక్షోత్సవాలు జరుగుతాయి. ఈసారి ఊరికి నలుగురు ముందుకొచ్చి, ధైర్యంగా నలుగురికీ చెప్పండి!

సర్కారు విధానాల గాలి ఎటైనా తిరగవచ్చు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులని 1994లో చట్టం చేసిన ఆంధ్రప్రదేశే 2024లో దాన్ని ఎత్తేసింది. తక్కువ కనమన్నా, ఎక్కువ కనమన్నా కనేది ఆమె. ఎప్పుడు, ఎందరు అన్న మాట ఆమెదే కావాలి.

డ్వాక్రా సంఘాల అక్కలారా, వచ్చే సమావేశానికి ఏఎన్‌ఎంను పిలిచి పద్ధతులన్నీ చెప్పించుకోండి. సర్పంచులారా, మీ ఆరోగ్య కేంద్రంలో ఛాయా, అంతరా ఉన్నాయో లేవో గ్రామసభలోనే అడగండి. డాక్టర్లారా, వివరంగా చెప్పకుండా సంతకం తీసుకోకండి. శాసనసభ్యులారా, బీమాలో ఆ 17వ మినహాయింపు తొలగే దాకా ఊరుకోకండి. భర్తలారా, ఈ వారమే భార్య పక్కన కూర్చుని ‘ఈసారి నేను వెళ్తాను’ అనండి. ఎవరి వంతు వాళ్ళం అందుకుందాం, ఇవాళే అందుకుందాం!