ఒక్క గింజ తేడా

సంపాదకులకు,

గత సంచికలోని చదరంగం గింజల వ్యాసం, మొదటి గడిలో ఒక గింజ పెట్టి గడిగడికీ రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తాన్ని 18446744073709551616గా అచ్చువేసింది. ఒక గింజ ఎక్కువైంది. అది 65వ గడి అంటూ ఉంటే అందులో పడాల్సిన సంఖ్య. 64 గళ్ల మొత్తం 615తో ముగుస్తుంది. 64 సార్లు రెట్టించి, చివర ఒకటి తీసేయడం మరిచినట్టుంది.

ఈ లెక్కను పావులూరి మల్లన గణిత గ్రంథం ఏనాడో పద్యంలో కట్టింది. అందులో అంకెలకు బదులు మాటలుంటాయి: చంద్రుడంటే 1, వేదాలు 4, బాణాలు 5, ఆకాశం సున్న. అంకెలు ఒకట్ల స్థానం నుంచి ఎడమకు నడుస్తాయి కనుక పద్యం బాణంతో, అంటే 5తోనే మొదలవుతుంది.

ఒక్క గింజే కదా అని సరిపెట్టుకోవడానికి లేదు. 616తో ముగిసేదాన్ని ఎంత విడదీసినా వచ్చేవి రెండ్లే. 615తో ముగిసేది మాత్రం 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం. ఏదీ రెండోసారి రాదు. 3తో తెగుతుందో లేదో కాగితం మీదే తేలుతుంది: అంకెలన్నీ కూడితే 87. 641 అంత తేలిగ్గా చిక్కలేదు. ఫెర్మా ప్రధాన సంఖ్య అనుకున్న 4294967297ను అది నిశ్శేషంగా భాగిస్తుందని ఆయిలర్ 1732లో పట్టుకున్నాడు. భాగఫలం 6700417.

అశ్వారావుపేటలో పామాయిల్ గెలలను టన్నుల్లో తూస్తారు. అదే కొలతలో, బియ్యపు గింజ 20 మిల్లీగ్రాములనుకుంటే ఈ గింజల రాశి దాదాపు 36,893 కోట్ల టన్నులు.

వచ్చే సంచికలో సవరణ వేయగలరు.

— ఒక పాఠకుడు, అశ్వారావుపేట