పాత గడియారానికి కొత్త ముఖమా?

పాత ఆటోమేటిక్ చేతిగడియారం కొనదలచినవారు మొదట నేర్వవలసినది బేరమాడడం కాదు, అనుమానించడం. రెండు మూడు వేల రూపాయలకు "ఒరిజినల్, వింటేజ్, కొత్తదానిలా ఉంది" అంటూ అమ్మకానికి వస్తున్నవాటిలో అనేకం మొన్ననే ముఖానికి రంగు వేయించుకున్నవి. నలభై యేళ్ళ యంత్రానికి మొన్నటి ముఖం తగిలించి, మొత్తాన్ని ప్రాచీనమని పిలవడం వ్యాపారం కాదు, కూటసృష్టి. ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చు. అయినా వెనక్కు తీసుకోను.

వాచీల సంగతి అంతగా పట్టని మిత్రులకోసం రెండు మాటలు. ఆటోమేటిక్ వాచీకి రోజూ కీ ఇవ్వనక్కరలేదు. లోపల అర్ధచంద్రాకారపు బరువు ఒకటి చేయి కదిలినప్పుడల్లా తిరుగుతూ స్ప్రింగును చుడుతుంది. ఇంగ్లండుకు చెందిన జాన్ హార్వుడ్ చేతిగడియారంలో ఈ పద్ధతికి 1924లో స్విస్ పేటెంటు పొందాడు. ఆ బరువు ఏ వైపు తిరిగినా స్ప్రింగు చుట్టుకొనేలా సీకో సంస్థ 1959లో 'మ్యాజిక్ లివర్' అనే చిన్న మీటను ప్రవేశపెట్టింది. 1963లో అదే సంస్థ సామాన్యునికోసం 'సీకో 5' శ్రేణిని తెచ్చింది.

మన దేశంలో చవుకగా దొరికే పాత ఆటోమేటిక్‌లలో ముఖ్యమైనవి రెండు తెగలు. ఒకటి ఈ సీకో 5, అందులోనూ 7009 యంత్రం ఉన్నవి. గల్ఫునుండి వచ్చిన బంధువు మణికట్టుమీద మెరిసే 'ఫారిన్ వాచీ'ని నా ఈడువారు మరచిపోలేరు. రెండవది మన హెచ్.ఎం.టి. జపానుకు చెందిన సిటిజన్ సహకారంతో 1961లో బెంగుళూరులో వాచీల తయారీ మొదలుపెట్టిన ప్రభుత్వ సంస్థ అది. కాంచన్, రజత్ వంటి ఆటోమేటిక్‌లు అక్కడివే. రంగుడబ్బా ఎక్కువగా కన్నేసింది ఈ రెండు తెగలమీదనే.

నేను తెలుగు పండితుణ్ణి, వాచీల మెకానిక్కును కాను. అయినా ఈ విషయంలో మాట్లాడే అధికారం నా శాస్త్రమే నాకిచ్చింది. తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితుడు చేసే పని ఏమిటి? బ్రౌన్ దొర ఒక్కొక్క కావ్యానికి పలు ప్రతులు తెప్పించి, పండితులచేత పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించాడు. ఆకు విరిగి పద్యపాదం పోయినచోట నిజాయితీగల పరిష్కర్త చుక్కలు పెట్టి 'గ్రంథపాతం' అని వ్రాస్తాడు. తానొక పాదం అల్లి, కవి పేరుతో చెలామణి చేయడు. అలా చేస్తే దానిని ప్రక్షిప్తమంటాము. మసకబారిన డయల్ గ్రంథపాతం వంటిది. రంగు వేసిన డయల్ ప్రక్షిప్తం. మొదటిది లోపమే కావచ్చు, కాని రెండవది అబద్ధం.

ఈ ప్రక్షిప్తాన్ని పట్టుకోవడం బ్రహ్మవిద్య కాదు. భూతద్దం ఉంటే చాలు. అసలు డయల్‌మీద అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి. చేతిపనిలో సిరా పాకినట్లు, ఒక గీత లావుగా, ఒక గీత సన్నగా ఉంటుంది. నిమిషాల గీతలు గంటల గుర్తులతో సరిగా కలవవు. సీకో డయల్‌పై ఆరు గంటల గుర్తుకు దిగువన, అంచున, చీమతలకాయంత అక్షరాలతో యంత్రం సంఖ్యతో మొదలయ్యే సంకేతం ఉంటుంది. రంగు వేసేవారు దానిని సాధారణంగా ఎగరగొడతారు, లేదా తప్పుగా వ్రాస్తారు. ఆ నమూనాకు తయారీదారు ఎన్నడూ ఇవ్వని రంగు కనబడితే ఇక సందేహమే లేదు.

వెనక మూతమీద మరొక సాక్ష్యం ఉంది. అక్కడి నమూనా సంఖ్యలో మొదటి నాలుగంకెలు యంత్రాన్ని తెలుపుతాయి. మూతపై 7009 అని ఉండి లోపల వేరే యంత్రముంటే అది అతుకులబొంత. ఆరంకెల వరుససంఖ్యలో మొదటి అంకె సంవత్సరపు చివరి అంకె, రెండవది నెల. 82తో మొదలైతే ఫిబ్రవరి 1978 కావచ్చు, ఫిబ్రవరి 1988 కావచ్చు. ఏదో తేల్చడానికి నమూనా ఎప్పటిదో చూడాలి. మన లేఖకులు ప్రతి చివర 'ప్రమాది', 'విక్రమ' అని సంవత్సరం పేరు మాత్రమే వ్రాసి ఊరుకొంటే, అరవై యేళ్ళ చక్రంలో అది ఏ ఆవృత్తమో ఇతర ఆధారాలతో నిర్ణయించమా? ఇదీ అంతే.

"రెండు వేల వాచీకి ఇంత పరిశోధనా?" అని నవ్వేవారున్నారు. అయ్యా, లక్షలు పోసి కొనేవానికి పత్రాలుంటాయి, నిపుణులుంటారు. రెండు వేలు కూడబెట్టి కొనేవానికి తన కళ్ళే దిక్కు. చవుక వస్తువుకే పరిశోధన ఎక్కువ అవసరం.

"నడుస్తోంది కదా, ముఖం ఏదైతేనేం?" అనేది రెండవ వాదం. నడవడమే కావాలంటే కొత్త క్వార్ట్జ్ వాచీ ఇంకా తక్కువకు వస్తుంది, ఇంకా సరిగా నడుస్తుంది. పాతదానిని పాతదని కోరి డబ్బిస్తున్నప్పుడు ఆ పాతదనమే సరుకు. పైగా ముఖానికి రంగు వేసినవాడు లోపల నూనె మార్చాడని హామీ ఏముంది? పైన పటారం, లోన లొటారం.

మూడవ వాదం కొంత బరువైనది. రంగు వేసేవాడూ పనివాడే, అతని కడుపు కొట్టవద్దంటారు. నిజమే. పారవేసే వాచీని మళ్ళీ చేతికెక్కించే ఆ పనితనాన్ని నేను గౌరవిస్తాను. "ఇది మళ్ళీ రంగు వేసిన డయల్" అని ఒక్క వాక్యం వ్రాసి అమ్మితే నాకు ఏ పేచీ లేదు. ఇష్టమున్నవారు కొంటారు. నా పోరు కుంచెతో కాదు, 'ఒరిజినల్' అనే ఆ ఒక్క మాటతో.

ఇందులో పోయేది డబ్బు మాత్రమే అయితే ఇంతగా వ్రాసేవాణ్ణి కాను. మనం మెరుపు అడిగినకొద్దీ, మరమ్మతు లేకుండానే బాగున్న అసలు ముఖాలను సైతం గీకివేస్తున్నారు. హెచ్.ఎం.టి. వాచీల సంస్థ మూసివేతకు కేంద్రప్రభుత్వం 2016లో ఆమోదం తెలిపింది. 1980ల నాటి డయల్ ఒకటి గీకితే దాని బదులు మరొకటి ఏ కర్మాగారంలోనూ పుట్టదు. మిగిలిన ప్రతులు ఎన్నో, అన్నే. అంతకన్న బాధాకరం, తండ్రి చేతి వాచీని దుకాణానికి తీసుకువెళ్ళి "కొత్తదానిలా చేసిపెట్టండి" అనేవారిది. ఆ పెద్దమనిషి ముప్పై యేళ్ళు బడికో, ఆఫీసుకో వేళయిందని చూసుకొన్న ముఖం అది. దానిని గీకించి ఇంటికి తెచ్చుకొనేది ఎవరి వాచీని?

కనుక కొనేవారికి నా మనవి. డయల్ దగ్గరి ఫొటో, వెనక మూత ఫొటో, మూత తీసిన యంత్రం ఫొటో, మూడూ అడగండి. ఇవ్వనివానికి నమస్కారం పెట్టి పక్కకు తప్పుకోండి. సర్వీసింగు ఖర్చును ధరలో కలిపి లెక్కవేసుకోండి. పాత వాచీని నీటికి దూరంగా ఉంచండి. రెండింటి ధరా ఒకటే అయినప్పుడు తళతళలాడేదానిని వదలి, అంచున మసకబారినదానిని ఎంచుకోండి. దాని మచ్చలు దాని సొంతం.