వాటర్లూ... మళ్లీ మొదలు!

1815 జూన్ 18న బెల్జియంలోని వాటర్లూ దగ్గర నెపోలియన్ ఓడిపోయాడు. కానీ ఆ యుద్ధం ఇప్పటికీ బల్లలమీద జరుగుతూనే ఉంది. అంగుళం పైచిలుకు ఎత్తుండే సైనికుల బొమ్మలకు గుండీలతో సహా రంగులేసి మరీ బరిలోకి దించుతారు ఆటగాళ్లు. దళాలను టేపుతో కొలిచి కదుపుతారు. తుపాకీ గురి కుదిరిందో లేదో పాచికలు చెబుతాయి. అందుకే ఒక్కోసారి నెపోలియనూ గెలుస్తాడు!

2019 జూన్‌లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఇదే ఆటను 22 వేలకు పైగా బొమ్మలతో ఆడారు. అదంతా 'వాటర్లూ అన్‌కవర్డ్' అనే స్వచ్ఛంద సంస్థకు నిధుల కోసం. శరీరానికో మనసుకో గాయమైన సైనికులను వాటర్లూ నేలమీద పురావస్తు తవ్వకాల్లో భాగం చేసి, కోలుకునేందుకు సాయపడిన సంస్థ అది.

బల్లమీద ఒరిగిన బొమ్మను తీసి పెట్టెలో సర్దేస్తే సరిపోతుంది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన మనిషికి మాత్రం ఆసరా కావాలి మరి!