కూడి చదివితేనే నిలిచే లిపి

తెలుగు మాట్లాడేవారిని ప్రభుత్వం లెక్కిస్తుంది. తెలుగు చదివేవారిని ఎవరూ లెక్కించరు. 2011 జనగణన ప్రకారం మహారాష్ట్రలో తెలుగును మాతృభాషగా చెప్పుకున్నవారు 13 లక్షలకు పైగా ఉన్నారు. వారిలో ఎందరు కూడబలుక్కుని అయినా తెలుగు అక్షరం చదవగలరో ఆ పట్టికలు చెప్పవు. ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవను, రాయను వస్తే చాలు, జనగణన ఆ మనిషిని అక్షరాస్యుల్లో చేర్చుకుంటుంది. మరాఠీ బడిలో చదివిన తెలుగు బిడ్డ ఆ లెక్కన అక్షరాస్యుడే. తాత రాసిన ఉత్తరం చేతికిస్తే మాత్రం ఆ బిడ్డ నిరక్షరాస్యుడు. ఈ రెండవ నిరక్షరాస్యతకు ప్రభుత్వ కాగితాల్లో పేరు కూడా లేదు.

ముంబయిలో నాగ్‌పాడాను ఆనుకుని ఉన్న కామాఠిపురాలో ఈ స్థితి స్పష్టంగా కనబడుతుంది. ఆ పేటకు ఆ పేరు వచ్చింది మనవారి వల్లనే. 1780లలో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి, సముద్రపు పోటునీరు పల్లపు నేలలను ముంచడం ఆగిన తరువాత, నిజాం ఇలాకా నుంచి వలసవచ్చిన తెలుగు కూలీలు అక్కడ స్థిరపడ్డారు. బొంబాయి కట్టడాలకు రాళ్ళు మోసిన ఆ శ్రామికులను కామాఠీలన్నారు. 1873లో జోతీరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో ఇక్కడి తెలుగు గుత్తేదారులున్నారు. ఇంతటి చరిత్ర గల పేటను దేశం నేడు ఒక్క వృత్తి పేరుతోనే గుర్తుపెట్టుకుంది. 2022లో విడుదలైన ఒక హిందీ చిత్రం తమ పేటకు మచ్చ తెస్తున్నదని స్థానికులు అభ్యంతరం చెప్పవలసి వచ్చింది.

ఈ ప్రాంతం ఉర్దూలో మంటో కథలకెక్కింది. మరాఠీలో నామ్‌దేవ్ ఢసాళ్ 1972లో ప్రకటించిన ‘గోల్‌పీఠా’ కవితలకెక్కింది. తెలుగులో అంబల్ల జనార్దన్ వంటి ముంబయి రచయితలు ఇక్కడి తెలుగువారి బతుకును ‘బొంబాయి కథలు’గా రాశారు. ఆ కథలు ఎవరిని గురించినవో వారి పిల్లలే వాటిని చదవలేకపోవడం మన కాలపు విషాదం. రచయిత ఉన్నాడు, పుస్తకం ఉంది, తెలుగు అర్థమయ్యే కుటుంబం ఉంది. వీటిని కలిపే చదువరి లేడు.

కామాఠిపురా గల్లీల్లో ఆదివారాలు పదిమంది ఒక ఖోలీలో చేరి ఒక కథను పైకి చదువుకునే కూటములకు న్యాయవాదిగా, భాషాహక్కుల కార్యకర్తగా నేను కొంతకాలంగా వెళుతున్నాను. అక్కడ గమనించిన ఇబ్బందులను పాఠకులతో పంచుకోవడం అవసరమని భావిస్తున్నాను. సిరొంచలోనైనా, రాజురాలోనైనా, ధర్మాబాదు, దెగ్లూరులలోనైనా తెలుగు కుటుంబాలకు ఎదురయ్యేవి ఇవే.

మొదటిది లిపి. మరాఠీ బారాఖడి నేర్చిన పిల్లలకు మన గుణింతం పూర్తిగా కొత్తది కాదు. అక్షరాల వరుస అదే. ‘ళ’ వారికీ ఉంది. ‘చ’కు రెండు పలుకులు ఉండటం వారికీ తెలుసు. చిక్కు వచ్చేది హ్రస్వాలైన ఎ, ఒల దగ్గర, వత్తుల దగ్గర. బడిలో నేర్చిన మరాఠీ రాతలో ఎ, ఏల తేడా చూపే గుర్తు లేదు. అందుచేత ‘నెల’ అని ఉన్నచోట పిల్లవాడు ‘నేల’ అని చదువుతాడు. పక్కన వింటున్న అవ్వ వెంటనే ‘నేల కాదు బిడ్డా, నెల’ అంటుంది. ఆ అవ్వకు ఒక్క అక్షరం రాదు. అయినా ఆ వాక్యంలో ఏ మాట ఇముడుతుందో ఆమెకు తెలుసు. పిల్లవానికి అక్షరం తెలుసు, మాట తెలియదు. అవ్వకు మాట తెలుసు, అక్షరం తెలియదు. విడివిడిగా ఇద్దరూ చదవలేరు. ఒకచోట కూర్చుంటే పుస్తకం సాగుతుంది.

రెండవది పుస్తకాల తెలుగు. ఈ కుటుంబాల్లో ఎక్కువమంది మూలాలు తెలంగాణ పల్లెల్లో ఉన్నాయి. పుస్తకంలో ‘దారి’ అని ఉంటే ఇంట్లో ‘తొవ్వ’ అంటారు. దానికి తోడు నాలుగు తరాల మరాఠీ, హిందీ మాటలు కలిశాయి. ‘మాది మంచి తెలుగు కాదు’ అనే న్యూనత అక్కడే పుడుతుంది. పదిమందిలో చదివినప్పుడు ఆ న్యూనత తగ్గుతుంది. అవ్వ ‘అదే మన తొవ్వ’ అని చెప్పగానే ఇంటి మాటకు పుస్తకం పక్కన చోటు దొరుకుతుంది. ఆ మాట తప్పు కాదని, మరో తెలుగని పిల్లలకు అర్థమవుతుంది.

మూడవది చోటు. ఒకే గదిలో వంట, నిద్ర, పని సాగే ఇళ్ళలో పుస్తకం పట్టుకుని ఒంటరిగా కూర్చోవడానికి మూల దొరకదు. చదవడం ఏకాంతంలో జరగవలసిన పని అనుకుంటే, ఈ ఇళ్ళకు చదువు ఎన్నటికీ రాదు.

చట్టం ఏం చెబుతున్నదో కూడా చూడాలి. రాజ్యాంగం 29(1) అధికరణం ప్రత్యేకమైన భాష, లిపి, సంస్కృతి గల పౌరులకు వాటిని కాపాడుకునే హక్కు ఇచ్చింది. భాషతో పాటు లిపిని విడిగా పేర్కొనడం గమనించదగినది. ఆ హక్కులో భాషా పరిరక్షణ కోసం ఆందోళన చేసే హక్కు కూడా ఉందని సుప్రీంకోర్టు 1964లో జగదేవ్ సింగ్ సిద్ధాంతీ కేసులో తీర్పు చెప్పింది. 1956లో చేర్చిన 350ఎ అధికరణం ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించే బాధ్యతను రాష్ట్రాలతో పాటు స్థానిక సంస్థలపైనా పెట్టింది. తరగతికి 10 మంది, లేదా బడి మొత్తానికి 40 మంది పిల్లలుంటే ఆ భాషకు ఉపాధ్యాయుని నియమించాలన్న సూత్రం 1949 నాటి రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం నుంచి వస్తున్నది. సరిహద్దు కుటుంబాలు ఈ సంఖ్యలను కంఠతా పెట్టుకోవాలి. పిల్లల పేర్లతో అర్జీ పెట్టనిదే ఏ అధికారీ వాటిని తనంతట తాను గుర్తుచేయడు.

అయితే ఈ రక్షణకు ఒక హద్దు ఉంది. 350ఎ ప్రాథమిక బడి గుమ్మం దగ్గర ఆగిపోతుంది. ముంబయి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడిపింది. పిల్లలు తగ్గిన కొద్దీ ఆ బడులూ తగ్గాయి. బడి దాటిన యువకునికి, ఎన్నడూ బడికి పోని తల్లికి చదువు ఇవ్వగలిగేది గ్రంథాలయం ఒక్కటే.

ఈ దారి మన పెద్దలు వేసినదే. నిజాం పాలనలో తెలుగుకు ఆదరణ లేని కాలంలో, 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసింది. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు నాగపూరులో చదివి, మరాఠీలోనూ రచనలు చేసినవారు. ఆయన మరాఠీని ప్రేమించడం వల్ల తెలుగుకు లోటు జరగలేదు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య కృషితో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువపై పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరికీ పంపారు. పాఠకుడు పుస్తకం దగ్గరకు రాలేకపోతే పుస్తకమే కదిలి వెళ్ళాలన్నది వారి పట్టుదల.

నేడు కామాఠిపురా మరో మలుపులో ఉంది. శిథిలమైన పాత భవనాల స్థానంలో కొత్తవి కట్టేందుకు మ్హాడా 2025లో టెండర్లు పిలిచింది. భద్రమైన ఇల్లు మనవారికి హక్కుగా రావలసిందే. కాని గల్లీ పోయి అంతస్తులు లేచినప్పుడు పదిమంది కూడే అరుగు, వరండా కూడా పోతాయి. కొత్త ప్రణాళికలోని ప్రజా సౌకర్యాల స్థలంలో తెలుగు పుస్తకాలున్న ఒక పఠనమందిరం ఉండాలని ఇప్పుడే, నక్షాలు ఖరారు కాకముందే, లిఖితపూర్వకంగా కోరాలి. పేటకు పేరిచ్చినవారు ఒక గది అడగడం అత్యాశ కాదు.

1967 నాటి మహారాష్ట్ర ప్రజా గ్రంథాలయాల చట్టం కింద గుర్తింపు పొందిన గ్రంథాలయాలకు ప్రభుత్వ గ్రాంటు అందుతుంది. మన సంఘాలు ఉత్సవాలకు చూపే శ్రద్ధలో కొంత ఆ గుర్తింపు సాధించడానికి చూపాలి. ఇక రెండు తెలుగు ప్రభుత్వాలు ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేస్తున్నాయి. ఆ నిధితో కొనే పుస్తకాల్లో కొన్ని ప్రతులు పొరుగు రాష్ట్రాల తెలుగు గ్రంథాలయాలకు చేరేలా ఆ ప్రభుత్వాలు నిర్ణయం తీసుకోవాలి.

మరాఠీతో మనకు తగవు లేదు. 2020 చట్టం మహారాష్ట్రలోని బడులన్నింటిలో మరాఠీని తప్పనిసరి చేసింది. ఉన్న నేల భాషను మన పిల్లలు చక్కగా నేర్వాలి. దాని పక్కన ఇంటి భాషకూ ఒక గంట చోటుండాలన్నదే మన వాదం.

ప్రభుత్వాలు కదిలేదాకా ఆగవలసిన పని లేదు. ప్రతి తెలుగు వాడలో వారానికొక గంట, ఒక కథ, ఒక పెద్ద మనిషి, ఒక పిల్లవాడు చాలు. తడబడితే నవ్వకూడదు. చదవడం రానివారిని వినేవారిగా గౌరవించాలి. ఎవరు వచ్చారో, ఏం చదివారో ఒక పుస్తకంలో రాసి ఉంచాలి. రేపు బడికోసమో, గ్రంథాలయంకోసమో అర్జీ పెట్టిననాడు, ఏ జనగణనా చూపని మన చదువరుల లెక్కకు ఆ పుస్తకమే సాక్ష్యమవుతుంది.